తులసమ్మ చీరల పెట్టె

తులసమ్మ చీరల మోజు వల్లే అసిరయ్యకు సొంత పడవ లేకుండా పోయింది. ఇందులో వాదించడానికేమీ లేదు. శ్రీకాకుళం ఒడ్డు నుంచి ఓడెక్కి ఈ దీవులకు వచ్చిన నాటి నుంచి ఒళ్లు వంగేదాకా ఆయన పరాయి పడవల మీదే వల లాగాడు. ఇప్పుడు ఆస్టినాబాద్‌లో అద్దె ఇంటి వరండాలో కూర్చుని పరాయి వలలు బాగుచేస్తున్నాడు. భార్య పోయి ఎనిమిదేళ్లయింది. పోయినవాళ్లను ఆడిపోసుకోకూడదంటారు. అసిరయ్యకు ఆ పట్టింపు లేదు. బతికుండగా ముఖం మీదే అన్న మాట, చచ్చాక అనకూడదా?

దానికి సాక్ష్యం కూడా ఇంట్లోనే ఉంది. మంచం కింద ఇనప పెట్టె. అది తులసమ్మ చీరల పెట్టె. ఆవిడ పోయిన రోజునే తాళం వేసి, తాళం చెవిని మొలతాడుకు కట్టుకున్నాడు. మళ్లీ తెరవలేదు. తన పడవను మింగిన చీరలు ఇంకెవరి ఒంటిమీదా కనపడకూడదని ఆయన పంతం. లోపలేముందో తెలిసినవాడికి తెరిచి చూసే పనేముంది?

ఆ శుక్రవారం మధ్యాహ్నం కరెంటు పోయింది. కూతురు లహరి ఫోను పట్టుకుని వరండాలోకి వచ్చింది. ఇంట్లో సిగ్నల్ అందదు. గోల్ ఘర్‌లో కళ్లద్దాల కొట్లో పనిచేస్తుంది లహరి. ఫోనులో ఉన్నది కళ్యాణి, కాంట్రాక్టరు అచ్చిబాబు కూతురు. ఇద్దరూ బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్లు. కళ్యాణికి వచ్చే నెల పెళ్లి, ఆ తర్వాత చెన్నై వెళ్లిపోతుంది. అందుకని ఆ ఇద్దరూ, ప్రమోద అనే మరో పిల్లా కలిసి శని ఆదివారాలు నీల్ దీవిలో గడిపి రావాలని అనుకున్నారు. పొద్దున్నే షిప్పు.

"సున్, లహరీ! పెద్ద బ్యాగ్ తేకు హా. అక్కడ తిరిగేది స్కూటీల మీద. ఒక్క భుజం సంచి, బస్," అంది కళ్యాణి గొంతు.

"పెద్ద బ్యాగ్ నిండేటన్ని బట్టలు నాకెక్కడున్నాయి యార్?"

"అందుకే చెప్తున్నా. నువ్వు ఖాళీ చేతుల్తో వచ్చెయ్. నావి రెండు డ్రెస్సులు ఎక్కువ పెడతా. పిఛ్‌లీ బార్, పోయిన ట్రిప్పులో లాగ ప్రతి ఫొటోలో ఆ నీలం డ్రెస్సే వేసుకుని నిలబడకు. మా అత్తగారోళ్లు కూడా చూస్తారు ఈసారి."

అవతల నవ్వు. లహరి కూడా నవ్వింది. ఫోను పెట్టేశాక స్తంభానికి ఆనుకుని నిలబడింది.

"ఏటంతాది ఆ గుంట?" అన్నాడు అసిరయ్య, వల మీంచి తలెత్తకుండా.

"ఏం లేదు నాన్నా. దాని బట్టలు నాకిస్తానంటోంది. దో దిన్ కీ బాత్, రెండు రోజులేగా."

"పరాయోల్ల బట్ట కడతావా?"

"నువ్వు పరాయోళ్ల వల కుట్టట్లేదా?"

అసిరయ్య చేతిలో వల అల్లే బద్ద ఆగింది. "కుడతాను. కట్టుకోను," అన్నాడు.

"అయితే నేను వెళ్లను, ఛోడో. నీల్ ఎక్కడికీ పోదు. ముగ్గురం కలిసి వెళ్లడం మాత్రం మళ్లీ ఉండదు."

"ఎల్లొద్దన్నానా? ఎల్లు. మన బట్టల్తో ఎల్లు."

"మన బట్టలు!" లహరి లోపలికి చెయ్యి చూపించింది. "ఒక తెల్ల కుర్తీ, ఒక నల్ల ప్యాంటు, ఆ నీలం డ్రెస్సు. అవీ మన బట్టలు. మిగతావన్నీ నీ మొలతాడుకి వేలాడుతున్నాయి."

ఆ మాట ఈ ఇంట్లో ఇంతవరకు ఎవరూ అనలేదు. అసిరయ్యకు ముందు కోపం వచ్చింది. తర్వాత ఫోనులోంచి వచ్చిన ఆ నవ్వు గుర్తొచ్చింది. పెట్టె తెరిస్తే పంతం పోతుంది, తెరవకపోతే పరువు పోతుంది. పైగా, పిల్ల కూడా ఒకసారి చూస్తే మంచిదే అనుకున్నాడు. తండ్రి ఇన్నేళ్లూ అన్నది అబద్ధం కాదని దానికీ తెలుస్తుంది.

మొలతాడు ముడి విప్పి తాళం చెవి దాని చేతిలో పడేశాడు.

"తియ్యి. మీయమ్మ నా పడవ ఎక్కడ ముంచిందో నీ కల్లతోటి నువ్వే సూడు."

తాళం తుప్పు పట్టింది. కొబ్బరినూనె పోసి, కాసేపాగి తిప్పితేగాని తిరగలేదు. పెట్టెను కిటికీ వెలుతురు పడేచోటికి, మంచం మీదికి ఎక్కించారు. మూత లేవగానే కలరా ఉండల వాసన గుప్పుమంది.

సగం పెట్టె ఖాళీగా ఉంది.

మూడు చీరలు. రెండు రవికలు. ఒక పాత బిస్కెట్ల డబ్బా. అంతే.

"మిగతావి ఏవి నాన్నా?"

అసిరయ్య వంగి, అడుగున పరిచిన పాత కాగితం ఎత్తి చూశాడు. కింద రేకు. దొంగలు పడ్డారన్న అనుమానం వచ్చింది గాని, తాళం చెవి తన ఒంటిమీదే ఉండగా దొంగ ఎలా వస్తాడు? అమ్మవారి పండగకు కట్టిన ఆకుపచ్చ చీర ఏది? దాని నల్లగళ్ల అంచు ఆయనకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. పిల్ల బడికి తులసమ్మ కట్టుకెళ్లిన నేరేడురంగు చీర ఏది? అది కొన్నదని తెలిసి రెండు పూటలు అన్నం మానేశాడు. ఇందులో ఉన్న ఆకుపచ్చ చీరకు పసుపంచు ఉంది. నేరేడు చీరకు అంచే లేదు.

లహరి డబ్బా మూత తీసింది. లోపల చీరల అంచులు, కండెకు నూలు చుట్టినట్టు ఉండలు ఉండలుగా చుట్టి ఉన్నాయి. నల్లగళ్లది. నీలం మీద తెల్ల చుక్కలది. రాణీ రంగుది. జరీ నల్లబడిన పాత పట్టు అంచొకటి.

"ఇవెక్కడివి నాన్నా?"

అది మాత్రం ఆయనకు తెలుసు. తులసమ్మ ఆ వీధి ఆడవాళ్ల చీరలకు ఫాల్ కుట్టేది, చిరుగులు కలిపేది. చీర చిరిగినా అంచు చిరగదు. పనికిరాని చీరలు వాళ్లు పారేస్తామంటే, అంచు కత్తిరించి ఇమ్మని అడిగేది. "ఆ చింకిపాతల్తో ఏటి సేత్తావే?" అని ఆయనే ఎన్నోసార్లు విసుక్కున్నాడు. ఏదో చెప్పబోయేది. ఈయన అప్పటికే వీధిలో ఉండేవాడు.

లహరి మూడో చీర తీసింది. గంధం రంగు, ఎర్రంచు. దాన్ని అసిరయ్య చూసీ చూడగానే గుర్తుపట్టాడు. తులసమ్మ తమ్ముడు జోగులు కూతురి పెళ్లికి కట్టిన చీర.

"ఇది బాగుంది నాన్నా. కానీ దారం ఊడొస్తోంది ఇక్కడ," అంటూ, కొంగు చివర వేలాడుతున్న పోగును తెంపుదామని లాగింది.

పోగు తెగలేదు. సాగుతూ వచ్చింది. బియ్యం బస్తా మూతి కుట్టు ఒక్క లాగుకు విడిపోయినట్టు జరజరా విడిపోయింది. ఎర్రంచు చీరంతా పొడవునా ఊడి మంచం మీద పాములా పడింది.

"అయ్యో! అరే బాప్‌రే, నాన్నా..."

"పాడు సేసీసినావు! ఒక్కరోజు పెట్టె తీసినాను, ఒక్కరోజు..."

అసిరయ్య అరుపు సగంలోనే ఆగిపోయింది.

ఎర్రంచు ఊడినచోట చీర బోసిగా లేదు. దాని అడుగున మరో అంచు ఉంది. తెల్లటి వెండి జరీ, సన్నని గోపురాల వరస. అదీ కొస నుంచి కొసదాకా ఉంది. అప్పటిదాకా ఎర్రంచు పెళ్లిచీరగా ఉన్నది కళ్లముందే వెండంచు పట్టుచీరలా మారి కూర్చుంది.

లహరి నోటి మీద చెయ్యి వేసుకుంది.

అసిరయ్య మంచం పట్టె మీద కూర్చున్నాడు. ఊడిన దారం చేతిలోకి తీసుకున్నాడు. కళ్లద్దాలు అక్కర్లేదు ఆయనకు. వేళ్లకే తెలుసు అదేమిటో. అది వల దారం, సన్నంగా పాయ విడదీసింది. కొసన వేసింది జారుముడి. వల ముక్కకూ ముక్కకూ మధ్య వేసే కుట్టది. సొరచేప ఒక ముక్కను చీలిస్తే వలంతా విప్పుకుంటూ కూర్చోరు. ఆ ముడి పట్టి లాగితే పాడైన ముక్క ఊడి వస్తుంది, దాని స్థానంలో కొత్తది వేస్తారు. పెళ్లయిన కొత్తలో ఒడ్డున కూర్చోబెట్టి తులసమ్మకు ఆ కుట్టు నేర్పింది తనే. తప్పు వేసినప్పుడల్లా బద్దతో వేళ్ల మీద కొట్టేవాడు. "ముక్క పోతే ముక్కే మార్చాల. వల మార్చీవోడు ఎదవ," అనేవాడు.

ఆవిడ ఆ మాటను చీర మీద పెట్టింది.

"ఆ నల్లగళ్లది తియ్యి," అన్నాడు. "ఆ పచ్చ సీర మీద పెట్టు."

లహరి ఆకుపచ్చ చీర పరిచి, పసుపంచు మీద నల్లగళ్ల అంచు పరిచింది. అమ్మవారి పండగ చీర మంచం మీద ప్రత్యక్షమైంది.

"నీలం సుక్కలది. నేరేడు మీద."

బడికి కట్టుకెళ్లిన చీర. దానికోసమే రెండు పూటలు అన్నం మానేశాడు.

"అదే అంచు గంధం దాని మీద పెట్టు."

"ఇది నాకు గుర్తుంది!" అంది లహరి. "నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు ఆస్పత్రిలో అమ్మ ఇదే కట్టుకుంది. పక్కా ఇదే."

ఆపలేకపోయాడు అసిరయ్య. ఇది దాని మీద, అది దీని మీద అంటూ తనే ఉండలు విప్పసాగాడు. రవికలు చూస్తే వాటికీ రెండు ముఖాలు. పైకి ఎరుపు, తిరగేస్తే పచ్చ. ఏ అంచు ఏ చీర పక్కన పెట్టినా వెగటుగా లేదు. ఒకదానితో ఒకటి కలవని ముక్క ఆ పెట్టెలో ఒక్కటీ లేదు. పెట్టిన ప్రతిసారీ ఒక కొత్త చీర, ఆ చీరతో ఒక పండగ, ఒక పెళ్లి, ఒక తగువు లేచి వచ్చాయి. ఆయన జీవితకాలం తిట్టిపోసిన చీరలన్నీ ఆ మూడింట్లోంచే వచ్చాయి.

ఆయనకు ఒకటి గుర్తొచ్చింది. ఎప్పుడో నీల్ పక్కన వేటకు వెళ్లినప్పుడు గాలి పూర్తిగా పడిపోయింది. నీళ్లు అద్దంలా నిలిచాయి. అంతకు ముందు ఏళ్ల తరబడి ఆ నీళ్ల మీదే తిరిగాడు. అడుగున రాయీ బురదా ఉంటాయనుకున్నాడు. ఆ రోజు పడవ అంచు మీంచి చూస్తే కింద పగడాలు, ఎర్రవీ పచ్చవీ ఊదావీ, కొమ్మలు కొమ్మలుగా, వాటి సందుల్లో రంగు చేపలు. కాళ్ల కింద ఒక ఊరు ఊరంతా వెలుగుతోంది. పడవలో ఉన్న నలుగురూ మాట మరిచిపోయారు. చేతులెత్తి దండం పెట్టాడు ఒకడు. అసిరయ్య అప్పుడు పెట్టలేదు.

ఇప్పుడు ఆయన చేతులు ఆ అంచుల మధ్య ఎటూ కదలకుండా ఉండిపోయాయి.

"నాన్నా, ఇది నేను ఫోన్లో వీడియో చూసి నేర్చుకున్నా తెలుసా," అంది లహరి. "నాలుగు బట్టలు, అన్నీ అన్నిటితో కలవాలి, చిన్న సంచిలో పట్టాలి. ఎవరో బొంబాయి అమ్మాయి చెప్పింది. ఇంట్లోనే అమ్మ..." గంధం చీర చేతిలోకి తీసుకుంది. "దీని కింద ఇంకో అంచు ఉందని నీకు తెలుసా?"

అసిరయ్య ఆ వెండంచు వైపు చూశాడు.

జోగులు కూతురి పెళ్లి. పొద్దున్న ముహూర్తానికి ఎర్రంచు. సాయంత్రం భోజనాలకు వెండంచు. ఒక్క రోజుకు రెండు చీరలు! పంక్తిలో జోగులు పరాచికం ఆడాడు. "మా బావ సంపాదనంతా మా యప్ప ఒంటిమీదే ఉంది." పందిట్లో అందరూ నవ్వారు. అసిరయ్య విస్తరి ముందునుంచి లేచి, అందరూ చూస్తుండగా తులసమ్మను కడిగేశాడు. ఆవిడ ఏడవలేదు. నడుం దగ్గర దోపిన ఎర్రంచు ఉండ తీసి చూపించింది. "ఒకటే సీర మావా. కొస లాగినాను, అంతే. నువ్వు నేర్పిన కుట్టే, సూడు," అంటూ దారం కొస ఆయన చేతికి అందించబోయింది. ఆయన ఆ చేతిని విదిలించి కొట్టాడు.

ఆ తర్వాత ఆవిడ మళ్లీ ఎప్పుడూ చూపించబోలేదు. కానీ చీరను అలాగే, ఎర్రంచు కింద వెండంచు వేసి, మళ్లీ కుట్టి పెట్టుకుంది.

"తెలుసు," అన్నాడు అసిరయ్య. "సెప్పింది."

"మరి నువ్వు ఇన్నేళ్లూ చీరలు చీరలని..."

"నోర్ముయ్. సంచి తే."

లహరి భుజం సంచి తెచ్చింది. నీలం డ్రెస్సు పక్కకు నెట్టేసింది. నల్ల ప్యాంటు, తెల్ల కుర్తీ, రెండు ముఖాల రవిక ఒకటి పెట్టింది. నల్లగళ్ల అంచు వెడల్పుగా ఉంది, చున్నీలా వేసుకోవచ్చంది. నీలం చుక్కలది నడుముకో, జడకో. పైన గంధం చీర పెట్టబోయి ఆగింది.

"ఎర్రంచు ఊడిపోయిందిగా. మళ్లీ కుట్టడం నాకు రాదు."

"సూది తే."

కిటికీ వెలుతురు తగ్గేలోపు అసిరయ్య ఆ అంచును చీరంతా పొడవునా కుట్టాడు. తులసమ్మ వాడిన దారమే వాడాడు. ఆవిడ పాత సూది రంధ్రాలు బట్ట మీద ఇంకా సన్నగా కనిపిస్తున్నాయి. ఆ రంధ్రాల్లోంచే పోనిచ్చాడు. ఆవిడ ఒక్కచోటా తప్పలేదు. ఎడం ఎక్కడా మారలేదు, బిగువు ఎక్కడా మారలేదు. వల కుట్టడంలో తనకు సాటి లేరని జంగ్లీఘాట్ రేవంతా ఒప్పుకున్నవాడు ఆయన. ఇలాంటి కుట్టు తను కూడా ఎప్పుడూ వెయ్యలేదని ఒక మీటరు నడిచేసరికే తెలిసిపోయింది. ఆ మాట పైకి అనలేదు. కొసన జారుముడి వేసి లహరి చేతికిచ్చాడు.

"రేపు సాయంత్రం ఎర్రంచు కట్టు. ఎల్లుండి పొద్దున్న ఈ కొస లాగు. మెల్లిగా లాగాల. తెంపకు."

"కళ్యాణి పిచ్చెక్కిపోతుంది," అంది లహరి. సంచి జిప్పు వేసింది. సగానికి పైగా ఖాళీ ఉంది ఇంకా.

పొద్దున్న రేవు దగ్గర టూరిస్టుల రద్దీ. కళ్యాణి, ప్రమోద ముందే వచ్చి ఉన్నారు, చెరో చక్రాల పెట్టె పట్టుకుని. భుజం సంచి అని చెప్పిన కళ్యాణే ఆ మాట మరిచిపోయింది.

"అరే, ఇంతేనా నీ లగేజీ? బట్టలు తెచ్చావా, టవలొకటి తెచ్చావా?" అంది కళ్యాణి.

"నీ పెట్టెలో ఉన్నవాటికంటే ఎక్కువే ఉన్నాయి," అంది లహరి.

"ఝూట్! అంకుల్, మీరు చెప్పండి."

అసిరయ్య సంచి తీసి లహరి చేతికిచ్చాడు. లహరి తెల్ల కుర్తీ మీద నల్లగళ్ల అంచు వేసుకుని ఉంది. గాలికి అది భుజం మీంచి ఎగిరి వెనక్కి పడుతోంది. కళ్యాణి దాని కొస పట్టుకుని తిప్పి చూసి, "ఎక్కడ కొన్నావ్ యార్ ఇది?" అంటూ షిప్పు మెట్ల దాకా వదల్లేదు.

రేవులో మంచు పెట్టెలు దింపిస్తున్న జోగులు చూశాడు. చేతులు లుంగీకి తుడుచుకుంటూ వచ్చాడు.

"ఓర్నాయనో! మెట్లెక్కతా ఉంటే సూసి గుండె ఆగిపోనాది బావా. అచ్చం మా యప్పే. ఆ నల్లగళ్ల పచ్చ సీరేగదా అది, చున్నీ సేసీసినారా? ఎన్ని సీరలుండీవిరా దేవుడా! మా గుంట పెళ్లికి ఒక్కరోజులో రెండు కట్టినాది, గుర్తుందా? నీ పడవ ఆ సీరల్లోనే మునిగిపోనాది గదా!"

ఈ మాటకు జవాబు ఇద్దరికీ కంఠతా వచ్చు. అసిరయ్య తిట్టాలి, జోగులు నవ్వాలి, ఇద్దరూ టీకి నడవాలి. జోగులు నవ్వడానికి సిద్ధంగా నిలబడ్డాడు.

షిప్పు కూత వేసింది. తాళ్లు విప్పారు. రేవుకూ షిప్పుకూ మధ్య ఆకుపచ్చ నీళ్లు వెడల్పయ్యాయి. పై అంతస్తు కమ్మీ దగ్గర ముగ్గురు పిల్లలూ చేతులు ఊపుతున్నారు. నల్లగళ్ల అంచు ఒక్కటే దూరానికి కూడా స్పష్టంగా కనిపిస్తోంది. అసిరయ్య దాన్నే చూస్తూ నిలబడ్డాడు, అది చుక్క అయ్యేదాకా.

"ఏటి బావా, పలకవేటి? నీ పడవ..."

"జోగులూ."

"ఏటి?"

"ఆ సీరల మాట ఇంకెత్తకు. నాను ఎత్తను. నువ్వెత్తితే నీకూ నాకూ మాటల్లేవు."

"అదేటి? ఏటయినాది?"

అసిరయ్య మొలతాడు సర్దుకున్నాడు. తాళం చెవి అక్కడ లేదు. వెనక్కి తిరిగి రోడ్డు వైపు నడిచాడు. జోగులు రెండుసార్లు పిలిచాడు. ఆ రోజే కాదు, ఆ తర్వాత ఎవరు అడిగినా, కూతురు అడిగినా సరే, ఆయన ఆ సంగతి మళ్లీ మాట్లాడలేదు.